పిస్తోలుకు కొట్టిన కొబ్బరికాయ

శనివారం పొద్దున సదాశివ అనుకున్న పని చాలా చిన్నది. ఆబిడ్స్‌లో ఒక పిస్తోలు కొనాలి. అది తన జేబులో ఉన్నట్టు మూడోకంటికి తెలియకూడదు. సోమవారం పదకొండు గంటలకు నాంపల్లి కోర్టులో సాక్ష్యం చెప్పేదాకా ప్రాణాలతో ఉండాలి. అంతే.

సదాశివ గడియారాలు బాగుచేస్తాడు. ఆబిడ్స్ సందులో ఆయన కొట్టుకు ఎదురుగా కిషన్ అనే అతను పత్రికలు అమ్ముకునేవాడు. ఆ జాగా ఖాళీ చెయ్యనన్నందుకు ఇంద్రసేన అనే రౌడీ అతన్ని పట్టపగలు కత్తితో పొడిచి చంపాడు. సందులో అప్పుడు నలభై మంది ఉన్నారు. పోలీసులు వచ్చేసరికి ఆ నలభై మందికీ చూపు పోయింది. సదాశివ ఒక్కడే చూశానన్నాడు. ధైర్యం ఉండి కాదు. కిషన్ భార్య ప్రభావతి చేతులు పట్టుకుని ఏడిస్తే నోటి నుంచి నిజం జారిపోయింది, అంతే.

ఇంద్రసేన జామీను మీద బయటికొచ్చి, ఒకనాడు కొట్టు ముందు తీరిగ్గా నిలబడి తన చేతి గడియారం చూపించాడు.

"సదాశివన్నా, గిది ఇంక ఎన్ని దినాలు నడుస్తదో జర చూసి చెప్పు."

ఆనాటి నుంచి రోజూ అలాగే వచ్చి నిలబడసాగాడు. సదాశివకు అన్నం సహించలేదు. కాపలాకు ఒక కానిస్టేబుల్‌ను ఇమ్మని ఠాణాకు వెళ్ళి అడిగితే మనుషులు లేరన్నారు. కావాలంటే తుపాకి లైసెన్సుకు రాసుకొమ్మన్నారు. మూడు నెలలు తిరిగాక ఆ కాగితం శుక్రవారం చేతికొచ్చింది.

తుపాకుల దుకాణం జగన్మోహనరావుగారిది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బెజవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కిషన్ సంగతంతా విని, పాపం, బల్ల మీద గుడ్డ పరిచి మూడు ఆయుధాలు పెట్టాడు. మొదటి రివాల్వరు గట్టిదే, కానీ జేబులో వేసుకుంటే జామకాయ పెట్టుకున్నట్టు ఉబ్బింది. రెండోది సన్నగానే ఉంది, కానీ దాని గుర్రం, అంటే గుండును కొట్టే సుత్తి, వెనక్కి పొడుచుకొచ్చి ఉంది.

"తీసేటప్పుడు గుడ్డకి తగులుకుంటుందండి. మీరు జేబుతో కుస్తీ పట్టేలోపు అవతలి వాడు తన పని చూసుకుంటాడు," అన్నాడు జగన్మోహనరావు.

మూడోది అరచేతిలో ఇమిడేది. పలచగా, నున్నగా ఉంది, గుర్రం లోపలే దాగి ఉంది. సదాశివ కంటికి భూతద్దం తగిలించుకుని దాన్ని అరగంట పరీక్షించాడు. గడియారం కన్నా శ్రద్ధగా చేశారనిపించింది. ఆ జేబులో తాళంచెవులు, పెన్నులు ఏవీ పెట్టకూడదని, మీట గుడ్డకు నొక్కుకోకుండా తోలు తొడుగు వెయ్యాలని జగన్మోహనరావు చెప్పాడు. గుండు చిన్నది గనుక దూరం నుంచి పనికిరాదన్నాడు. ఎంత దగ్గరి నుంచి కాలిస్తే గురి తప్పదని సదాశివ అడిగాడు. నాలుగడుగులని జవాబొచ్చింది. ఇంద్రసేన రోజూ అంతకన్నా దగ్గరగానే నిలబడుతున్నాడు.

"ఒక్క మాటండి. ఇది ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే ఇది జేబులో ఉండీ లేనట్టే," అని జగన్మోహనరావు పొట్లం కట్టి ఇచ్చాడు.

సదాశివ దాన్ని నాంపల్లి రైలు స్టేషన్ వెనక తన ఇంటికి తెచ్చి భార్య వసుమతికి మాత్రం చూపించాడు. ఆమె ముట్టుకోలేదు. ముందు దేవుడి గూట్లో పెట్టమంది. ఇంట్లోకి కిరసనాయిలు స్టవ్వు వచ్చినప్పుడు కూడా బొట్టు పెట్టకుండా వెలిగించని ఇల్లాలు. పిస్తోలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. సదాశివ కూడా దండం పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఆమె ఆయన ప్యాంటులో కుడివైపు ఖాకీ గుడ్డతో లోపలి జేబు కుట్టింది. ఆయన నిశ్చింతగా కొట్టుకు వెళ్ళాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కొబ్బరి చిప్పలు ఖాళీగా ఉన్నాయి.

గల్లీలో ఇరవై రెండు ఇళ్ళు. వసుమతి అన్నింటికీ ముక్కలు పంచింది. ప్రతి ఇంట్లోనూ ఏం కొన్నారని అడిగారు. అడగకుండా ఎవరు తీసుకుంటారు! పిస్తోలని చెప్పింది. కొత్త జేబు సంగతి కూడా చెప్పింది, కుట్టు బాగా కుదిరిందని. పదిహేడో ఇల్లు ఇంద్రసేన తల్లిది.

"ఆమెకు గూడ ఇచ్చినవా?" అన్నాడు సదాశివ.

"పదహారిండ్లకు ఇచ్చి ఒక్క ఇల్లు విడుస్తరా? ఆమె ఏం పాపం చేసింది?"

"ఏం కొన్నమో చెప్పినవా?"

"ప్రసాదం చేతిల పట్టుకొని అబద్ధం చెప్పుమంటరా? గట్లయితే మీరు పంచుండ్రి," అంది వసుమతి కోపంగా.

ఆదివారం గల్లీ అంతా ఇంటికి వచ్చింది. ఒకాయన పిల్లవాడికి చూపించమన్నాడు. ఇంకొకాయన తోడల్లుడి పెళ్ళి బారాత్‌లో పేల్చడానికి ఒక పూట ఇమ్మన్నాడు. సదాశివ తలుపు గడియ వేసుకుని కూర్చున్నాడు. విచిత్రమేమిటంటే ఆ రోజు ఇంద్రసేన గల్లీలో కనబడనే లేదు. భయపడ్డాడని వసుమతి తేల్చింది. నాలుగు నెలల్లో మొదటిసారి సదాశివ రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

సోమవారం కోర్టు గేటు దగ్గర పిస్తోలును కానిస్టేబుల్‌కు అప్పగించి లోపలికి పోదామనుకున్నాడు. దారిలోనే కదా ప్రమాదం. నోరు తెరిచేలోపే కానిస్టేబుల్ నేరుగా ప్యాంటు కుడివైపు లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. ఏ జేబో కూడా తెలుసు.

ఇంద్రసేన ఆదివారమే ఫిర్యాదు రాసిచ్చాడట, సాక్షి తనను కోర్టులో చంపడానికి పిస్తోలు కొన్నాడని. కొనేటప్పుడు ఏమేం అడిగాడని పోలీసులు ఆరా తీస్తే జగన్మోహనరావు అబద్ధం చెప్పలేక నాలుగడుగుల సంగతి చెప్పాడు. పిస్తోలు మీద పసుపు ఇంకా పోలేదు, కుంకుమ ఇంకా రాలలేదు. చంపడానికి ముందు ఆయుధపూజ కూడా చేశాడని ఇంద్రసేన వకీలు చూపించాడు. ఇక గల్లీ ఇరవై రెండు ఇళ్ళూ సాక్ష్యానికి సిద్ధమయ్యాయి. గడియారాలు బాగుచేసేవాడి మీద చెప్పడానికి ఎవరికి భయం? కిషన్ పడిపోయిన రోజు చూపు పోయినవాళ్ళలో కొందరికి అది తిరిగొచ్చింది.

హత్య కేసు వాయిదా పడింది. ఉన్న ఒక్క సాక్షి ముద్దాయి అయ్యాడు. ముద్దాయి మాట ఇక ఎవరు నమ్ముతారు? సదాశివను జీపెక్కిస్తుంటే ప్రభావతి అడ్డం వచ్చింది.

"అన్నా, మరి మా ఆయన కేసు?"

సదాశివకు ఏడుపొచ్చింది. ఈ నాలుగు నెలలూ తన ప్రాణం గురించే భయపడ్డాడు గాని, ఆమె పోగొట్టుకునేది ఇంకా మిగిలే ఉందని ఆయనకు తోచలేదు.

కొత్త కేసు కాగితాల్లో మొదటి సాక్షి ఇంద్రసేన. సాక్షి ప్రాణానికి ముప్పుందని ఇంటి ముందు ఇద్దరు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టారు. మనుషులు దొరికారట.