వేళకి టీ పోయడమనే నేరం

వేళకి టీ పోసిన పాత మేనేజర్లారా, దోషులు మీరే! రోజూ పదకొండింటికి బెల్లు కొట్టి, చేతిలో కప్పు పెట్టి, ఒక ప్యాకింగ్ హాలు మొత్తాన్ని మొద్దుబార్చారు. డోపమైన్ అన్న మాట ఎప్పుడైనా విన్నారా మీరు?

కొత్త మేనేజరు విన్నాడు. ఏదో పెద్ద హోటల్లో ట్రైనింగుకు వెళ్లి, ఏసీలో కూర్చుని మరీ విన్నాడు. హాల్లో అందరూ ఆయన్ని చాటుగా 'మోటివేషన్' అంటారు. ఎదుట మాత్రం సారే.

పాత మేనేజర్లారా, సైన్సు చెబుతున్నా, పక్క చూపులు మాని వినండి. అనుకోకుండా మంచిదేదైనా దొరికితే మెదడులో డోపమైన్ ఎగసిపడుతుంది. 'ఇప్పుడేం చేశావో గుర్తుపెట్టుకో, మళ్లీ అదే చెయ్యి' అని పాఠం చెబుతుంది. అదే మంచి రోజూ వేళకి వస్తే? అనుకున్నదే వచ్చింది, ఇక నేర్చుకోవడానికేముంది! డోపమైన్ అటు తిరిగి పడుకుంటుంది.

అందుకని మోటివేషన్ సారు గోడ గడియారం పీకించాడు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించాడు. ఇకమీదట టీ సర్‌ప్రైజ్! బెల్లు పొద్దున్నే మోగొచ్చు, మధ్యాహ్నం దాటాక మోగొచ్చు, అసలు మోగకపోవచ్చు. ఇంత ఉత్కంఠ టికెట్టు లేకుండా ఎక్కడ దొరుకుతుంది?

మెదళ్లు వెంటనే నేర్చుకున్నాయి. మొదటిసారి బెల్లు మోగినప్పుడు టేపు వేసే మనిషి ముక్కు గోక్కుంటున్నాడు. అప్పటినుంచి ముక్కు కందిపోయేదాకా గోకుతూనే ఉన్నాడు. రెండోసారి మోగినప్పుడు అతని బావమరిది పెట్టెను తలకిందులుగా అంటిస్తున్నాడు. ఇక ఆ వారం గాజు గ్లాసులన్నీ తలకిందులుగానే లారీ ఎక్కాయి.

"ఒరేయ్, పగిలిపోతాయిరా!"

"పగిలితే పగలనీ బావా. టీ వచ్చిందా లేదా?"

"వచ్చింది నా ముక్కు వల్లరా, నీ పెట్టె వల్ల కాదు!"

చూశారా ప్రగతి? ఇదివరకు ఈ హాల్లో ఇంత లోతైన చర్చ జరిగిందా?

వెనకబడింది ఒక్క పిన్నే. లేబుళ్లు అంటించే ఆవిడను హాలంతా పిన్ని అనే పిలుస్తుంది. ఆవిడకు షుగరు. పొద్దున మాత్ర వేసుకుంటే పదకొండింటికి కడుపులో ఏదైనా పడాల్సిందే. పని బల్ల దగ్గర తినకూడదు, క్యాంటీన్ తలుపు బెల్లు మోగితేనే తెరుస్తారు. వెళ్లి అడిగింది.

"సారూ, వేళకి తినకపోతే కళ్లు తిరుగుతున్నాయి నాకు."

"ఎదురుచూపులోనే ఎనర్జీ ఉంటుందమ్మా!"

"ఎనర్జీ సంగతేమో గానీ చేతులు వణుకుతున్నాయి బాబూ."

"అదే ఎగ్జైట్‌మెంట్!"

పిన్ని తిరిగొచ్చి లేబుళ్లు అందుకుంది. ఇంత చదువుకున్నాయన చెబుతుంటే తన వణుకు గురించి తనకేం తెలుసని?

ఆ వారంలోనే ఒక రోజు బెల్లు ఎంతకీ మోగలేదు. పిన్ని చేతిలో లేబులు చేతిలోనే ఉంది, మనిషి పెట్టెల మధ్య కూలబడిపోయింది. ఒళ్లంతా చెమట. టేపు మనిషి క్యాంటీన్ తలుపు ఒక్క తన్ను తన్ని, పంచదార నీళ్లు కలుపుకొచ్చి తాగించాడు. కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచింది. సారు వచ్చి అడిగిన మొదటి మాట, "తలుపు ఎవరు విరగ్గొట్టారు?"

మర్నాడు పొద్దున జోరుగా సాగుతున్న హాలు ఒక్కసారిగా ఆగిపోయింది. గడియారం లేకపోతేనేం, పదకొండైందని చెప్పడానికి కడుపులున్నాయిగా! పిన్ని బల్ల దగ్గరే కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ విప్పింది. చుట్టూ అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మోటివేషన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎందుకాపారు? బెల్లు కొట్టలేదుగా!"

పిన్ని బిస్కెట్ నమిలి మింగి చెప్పింది. "సర్‌ప్రైజ్ సారూ! పని మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో మాకూ తెలీదు. ఎదురు చూడండి, ఎనర్జీ వస్తుంది."

అయ్యా మోటివేషన్ గారూ, మీరు సగం పాఠమే విన్నారు. వస్తుందనుకున్నది రాకపోతే డోపమైన్ మామూలుగా ఉండే మట్టం కన్నా కిందికి పడిపోతుంది. ఎవర్ని నమ్మకూడదో మెదడు అప్పుడే నేర్చుకుంటుంది. అన్నట్టు, మీ ట్రైనింగులో టీ వేళకే వచ్చిందటగా? కప్పు కింద సాసరు కూడా ఉందట!

మనుషుల ఆకలితో ఆటలాడి దానికి సైన్సని పేరు పెట్టకండి. వేళకి వచ్చే టీ చూసి ఏ మెదడూ ఎగిరి గంతెయ్యదు. వెయ్యక్కర్లేదు! వస్తుందన్న నమ్మకంతో మనిషి నిశ్చింతగా పని చేసుకుంటాడు, అది చాలు. క్యాంటీన్‌కి తాళం వెయ్యడం ఇవాళే మానండి. రేపు పదకొండింటికి టీ పొయ్యండి. మొదటి కప్పు పిన్నికి.