పనికిరాని పెట్టె

చిహారు శుక్రవారం పొద్దున వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. కుసకబె మాస్టారి దగ్గర సిఫారసు ఉత్తరం తీసుకోవడం, మిగతా కాగితాలతో కలిపి కవరులో పెట్టడం, సాయంత్రం అయిదులోగా మత్సుయె ఊరి పెద్ద పోస్టాఫీసులో ఇవ్వడం. సముద్రశాస్త్రం చదవడానికి నార్వే వెళ్ళాలంటే అక్కడివాళ్ళకు మాస్టారే స్వయంగా అతికించి, అతుకు మీద ముద్ర వేసిన ఉత్తరం కావాలి. ఆ రోజు తపాలా తప్పితే ఇక వచ్చే ఏడాదే.

సరస్సు ఒడ్డున ఉన్న మాస్టారింటికి వెళ్తే ఆయన వింతగా చూశారు.

"నిన్ననే మీ అమ్మగారికిచ్చానే. బియ్యప్పిండి చెక్కల పెట్టెలో అడుగున పెట్టాను. ఉత్తరం ఒక్కటే చేతిలో పెడితే బోడిగా ఉంటుందని."

"అమ్మతో చెప్పారా మాస్టారూ?"

"చెప్పకుండా ఉంటానా? ఎందుకూ పనికిరాని వస్తువమ్మా, ఏమీ అనుకోకండి అన్నాను."

చిహారు వెంటనే ఇంటిదారి పట్టింది. ఆ ఊళ్ళో ఎవరు ఏమిచ్చినా ఆ మాటే అంటారు. ఇచ్చినవాళ్ళ ఎదుట పెట్టె విప్పడం మర్యాద కాదు. వాళ్ళమ్మ తొమోఎ మర్యాద ఇంకొక మెట్టు పైన ఉంటుంది, ఆవిడ తరవాత కూడా విప్పదు.

"ఆ పెట్టా? పొద్దున్నే ఇవషిత గారికిచ్చేశాను" అంది తొమోఎ, పులుసు కలుపుతూ. "మొన్న వానలో మన బట్టలు తీసిపెట్టింది కదా."

"విప్పి చూడకుండానే?"

"అంత చక్కగా చుట్టిన కాగితం ఎవరు చించుకుంటారే?"

"అందులో నా నార్వే ఉందమ్మా."

తొమోఎ పొయ్యి ఆర్పి, ఇంట్లో తిరిగే చెప్పులతోనే వీధిలోకి పరుగెత్తింది. ఆ వీధి పుట్టాక అలాంటి ఘోరం ఎవరూ చూడలేదు.

టోఫు కొట్టు ఇవషిత గారు వాచిన బుగ్గ పట్టుకుని కూర్చుని ఉంది. "పళ్ళ డాక్టరుకిచ్చానమ్మా. సలుపు భరించలేకపోతుంటే నన్ను వరస తప్పించి చూశాడు, ఉత్త చేతులతో ఎలా వస్తాను? పనికిరానిదేలెండి అని చెప్పే ఇచ్చాను." సంగతి విని ఆవిడ కూడా బుగ్గతో సహా బయల్దేరింది.

డాక్టరు నొరిమత్సు ఎవరి నోట్లోంచో తల ఎత్తాడు. "ఇప్పుడే పంపించేశాను. మాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పినాయన పుట్టినరోజు."

"ఎవరాయన?"

"ఇంకెవరు, కుసకబె మాస్టారు."

మళ్ళీ సరస్సు ఒడ్డుకు చేరేసరికి మూడు దాటింది. మాస్టారి ముందు పెట్టె విప్పి ఉంది. పక్కన లావుపాటి నిఘంటువు, చేతిలో కలం. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు అర్థమైందమ్మా" అన్నారాయన. "ఉత్తరం చాలదని నేరుగా తిప్పి పంపితే ముసలాడు నొచ్చుకుంటాడని డాక్టరుచేత ఇప్పించారు. పైగా పుట్టినరోజు పేరు పెట్టి. ఎంత మర్యాదస్తులు. కవరు విప్పకుండానే లోపలి సంగతి ఎలా కనిపెట్టారో."

"లోపలేముంది మాస్టారూ?"

"'ఈ అమ్మాయివల్ల ఎవరికీ పెద్దగా ఇబ్బంది లేదు' అని రాశాను. మన పిల్లను మనమే పొగుడుకుంటే ఏం బాగుంటుందని."

నిజం చెప్పబోయిన తల్లిని చిహారు మోచేత్తో పొడిచింది.

"రోజూ తెల్లవారకముందే ఈ సరస్సు నీళ్ళ వేడి కొలిచేదానివి. ఎన్నాళ్ళు కొలిచావు?" అని మాస్టారు కలం ఎత్తి అడిగారు.

"రెండేళ్ళు మాస్టారూ. ఒక్కరోజు మాత్రం..."

"మానావు. జనవరిలో, మంచు బాగా పడ్డ రోజు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. జ్వరమేమో అనుకుని నేనే దిగి కొలిచాను." సొరుగులోంచి ఒక చీటీ తీశారు. తేదీ, వేళ, నాలుగు డిగ్రీలు. "ఇవ్వడానికి మొహమాటమేసింది."

చిహారుకు ఏడుపు ఆగలేదు. డెబ్బయి నాలుగేళ్ళ మనిషి ఆ మంచులో మోకాళ్ళమీద కూర్చున్నాడంటే ఎవరికి మాత్రం ఆగుతుంది? టోఫు కొట్టావిడ పంటినొప్పి వంక పెట్టుకుని ఏడ్చింది.

నాలుగున్నరకు కొత్త ఉత్తరం మూడు పేజీలూ పూర్తయ్యాయి. ఆయన అతికించి, ముద్ర వేసి, ఈసారి బోడిగానే చేతిలో పెట్టారు. అయిదుకు ఏడు నిమిషాలుండగా అది తపాలాలో పడింది.

సీటు వచ్చినట్టు మార్చిలో కబురందింది. తొమోఎ ఆ సాయంత్రమే మాస్టారికి పెద్ద పెట్టె ఒకటి పట్టుకెళ్ళి, "పనికిరాని వస్తువండీ" అని వంగి వంగి ఇచ్చింది.

లోపలేముందో ఆవిడకూ తెలియదు, దాన్ని పొద్దున్నే పళ్ళ డాక్టరు ఇచ్చి వెళ్ళాడు.