కిటికీ లోతెంత?

భూమి అడుగున వేడినీళ్లు ఎన్ని ఉన్నాయో తేల్చే అధికారం భూమికి లేదు. ఐస్‌లాండ్‌లో గ్రౌకోలుర్ అగ్నిపర్వతం కింద ఉన్న ఆ చిన్న పట్నంలో ఆ అధికారం పురపాలక ఉష్ణజల నమూనా విభాగానిది. విభాగంలో ఒక కంప్యూటరు, దాని లోపల అంకెలతో కట్టిన ఒక కొండ ఉన్నాయి. (బయట కూడా ఒక కొండ ఉంది. రెంటికీ తేడా వచ్చినప్పుడు బయటిదాన్ని సంజాయిషీ అడుగుతారు.)

నిబంధన ప్రకారం పట్నానికి వేడినీళ్లు మూడువందల ఏళ్లు రావాలి. ఆ ఫిబ్రవరిలో లోపలి కొండ లెక్కగట్టి, రెండువందల తొంభై ఏడేళ్లే వస్తాయంది. సెకనుకు పద్దెనిమిది లీటర్లు ఎటు పోతున్నాయో తెలియడం లేదు. కాబట్టి ఏదో ఒకటి మూసెయ్యాలి. ఆసుపత్రిని మూయలేరు, బడిని మూయలేరు. కాలిబాటల కింద మంచు కరిగించే గొట్టాలు కట్టేస్తే కౌన్సిలు సభ్యులే జారిపడతారు. చివరికి 'అత్యవసరం కాని సామూహిక నిమజ్జనం' అన్న పద్దు కిందకొచ్చే ఈతకొలను వేడినీళ్ల తొట్టిని మార్చి ముప్పై ఒకటిన మూసెయ్యాలని తీర్మానించారు.

ఆ తొట్టంటే స్టెయిన్‌వోర్‌కి ప్రాణం. ముప్పై అయిదేళ్లుగా ఈతకొలను కాపలా ఆమెదే. సబ్బుతో ఒళ్లు రుద్దుకోకుండా తొట్టిలో కాలు పెట్టబోయినవాణ్ని, వాడు మేయరైనా సరే, వెనక్కి పంపి రుద్దించేది. రోజూ పొద్దున ఆరున్నరకి ఏడుగురు ముసలాళ్లు వచ్చి, మెడలదాకా మునిగి, ఊరందరి సంగతులూ ఉతికి ఆరేసేవాళ్లు. వాళ్లలో బెర్గుర్ అనే పాత జాలరి, పెళ్లాం పోయాక, ఆ తొట్టిలో తప్ప ఎక్కడా నోరు విప్పడు. తొట్టి మూస్తే ఆ మనిషి మళ్లీ మాట్లాడతాడా?

ఈలోగా విభాగం పోయిన నీళ్ల కోసం కొండంతా గాలించింది. బావుల్లో రంగు కలిపి ఎక్కడ తేలుతుందో చూశారు. పగుళ్లలోకి తీగలు దించారు. నూట నలభై పేజీల నివేదిక రాసి, చివరి పేజీలో 'పర్వతం సహకరించడం లేదు' అని తేల్చారు.

స్టెయిన్‌వోర్‌కి అంత చదువు లేదు. ఓ ఉదయం తొట్టి గట్టు మీద మంచు ఊడుస్తూ తలెత్తి వీధికేసి చూసింది, అంతే. ఎముకలు కొరికే చలి. ఇళ్ల కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పరదాలు బయటికొచ్చి ఎగురుతున్నాయి. లోపల గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు వేడినీళ్లతో కాలిపోతున్నాయి. ఉక్కపోస్తే కిటికీ తియ్యడమే తప్ప రేడియేటరు మర తిప్పి వేడి తగ్గించడం ఆ ఊళ్లో ఎవరి తాతలూ ఎరగరు. (ఆ మరలు నాలుగు పూతల రంగు కింద ఎప్పుడో బిగుసుకుపోయాయి.) ఇళ్లకు మీటర్లు లేవు. గదులు లెక్కబెట్టి ఏ ఇల్లు ఎన్ని నీళ్లు వాడాలో నమూనా చెబుతుంది, అన్నే వాడారని అదే నమ్ముతుంది.

ఆ సాయంత్రం తొట్టిలోకి దిగిన ఓర్ముర్‌ని పట్టుకుంది. నమూనాను నడిపే ఇంజినీరు అతనే. నలభై ఏళ్లొచ్చినా, ఈత నేర్పింది తనే కాబట్టి ఆమెకు అతను ఇంకా 'ఒరే'నే.

"ఒరే ఓర్ముర్, మీ పద్దెనిమిది లీటర్లూ కిటికీల్లోంచి పోతున్నాయిరా."

ఓర్ముర్ గడ్డందాకా మునిగి ఆలోచించాడు. "నిజమే అయ్యుండొచ్చు అత్తా. కానీ నమూనాలో కిటికీకి గడి లేదే. పగులుకుంది, బావికుంది, లావాకుంది."

"లేకపోతే పెట్టు."

"నేనెలా పెడతాను? నువ్వు దరఖాస్తు చేసుకోవాలి. పదకొండో నంబరు ఫారం, భూగర్భ నిర్మాణాల చేర్పు."

చేసుకుంది. నిర్మాణం ఎంత లోతున ఉంది అన్నచోట 'రెండో అంతస్తు' అని రాసింది. నేలకు పైనున్న లోతులను స్వీకరించలేమని ఫారం తిరిగొచ్చింది. ఎన్ని లక్షల ఏళ్ల నాటిది అన్నచోట 'యాభై ఏళ్లు, లక్షలు కావు' అని రాస్తే మళ్లీ తిరిగొచ్చింది. ఏ రకం రాయి అని మూడోసారి అడిగేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. 'అద్దం' అని రాసిపారేసింది. అద్దం ఇసుకలోంచే పుడుతుంది గనుక ఈసారి ఆమోదించారు.

మార్చి ఆఖరి వారంలో విచారణ జరిగింది. గదిలో ఉక్క. విభాగాధిపతి థోర్లౌగ్ వెనక రెండు కిటికీలూ తెరిచే ఉన్నాయి. కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద లావా రాళ్లు పెట్టుకున్నారు.

స్టెయిన్‌వోర్ లేచి నిలబడింది. "ఒక్కసారి ఆ కిటికీ మూసి, రేడియేటరు తగ్గించి చూడండమ్మా. ఊరంతా అలా చేస్తే మా ముసలాళ్ల తొట్టి బతుకుతుంది."

థోర్లౌగ్ ఆమెకేసి జాలిగా చూసింది. "మూస్తే గాలెలా ఆడుతుందండీ?"

సభ్యులందరూ తలలూపారు. ఓర్ముర్ కూడా ఊపాడు.

అయినా ఆమె శ్రమ వృథా పోలేదు. ఫారంలో ఉన్న నిర్మాణాన్ని దరఖాస్తుదారు చిరునామాలోనే, అంటే ఈతకొలను దగ్గరే, నమూనాలో చేర్చారు. పటంలో దానికి 'స్టెయిన్‌వోర్ పగులు' అని ఆమె పేరే పెట్టి గౌరవించారు. పోయిన నీళ్లు అందులోంచే పోతున్నాయని తేలడంతో లోపలి కొండ శాంతించి, మూడువందల ఏళ్లకు ఒప్పుకుంది. తొట్టిని మాత్రం మూయక తప్పలేదు. పగులు మీద జనాన్ని కూర్చోబెట్టడం నిబంధనలకు విరుద్ధం.

ఏప్రిల్ ఒకటిన ఏడుగురూ అలవాటు కొద్దీ ఆరున్నరకి వచ్చారు. తాళం చూసి ఏం చెయ్యాలో తోచక, స్టెయిన్‌వోర్ వెంట ఆమె వంటింట్లోకి చేరారు. ఉన్ని స్వెటర్లతో ఒకరినొకరు ఆనుకుని కూర్చుని కాఫీ తాగారు. రేడియేటరు తన పని తాను చేసుకుపోతోంది. బెర్గుర్ నోరు విప్పలేదు. స్టెయిన్‌వోర్ రై రొట్టె ముక్క మీద వెన్న రాసి ఆయన చేతిలో పెట్టి, ఆయన నోటికేసే చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి ఆ నోరు విచ్చుకుంది.

"ఉక్కగా ఉంది," అన్నాడు బెర్గుర్.

స్టెయిన్‌వోర్ సంతోషం పట్టలేకపోయింది. గబగబా లేచి వెళ్లి కిటికీ బార్లా తెరిచింది.