ఆకాశానికెక్కిన దిష్టిబొమ్మ

దగ్గరకు జరగండి తల్లీ, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. ఇది మన కోనసీమ సూరిబాబు పడ్డ పాట్లు. నవ్వొస్తే నవ్వుకోండి, వాడేమీ అనుకోడు. అనుకునే ఓపిక వాడికి లేదు.

కువైట్ ఎడారిలో ఉపగ్రహాల జాడ పట్టే కేంద్రం ఒకటుంది. ఇంటి కప్పంతేసి డిష్‌లు ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. సూరిబాబు అక్కడ టీ కాచేవాడు, గదులు తుడిచేవాడు. పెళ్ళాం సత్యదుర్గ సల్వాలో ఒక ఇంట్లో పని చేస్తోంది. శుక్రవారం సాయంత్రం ఆ ఇంటి యజమానురాలు మామా గంటసేపు వదిలితే, ఇద్దరూ సముద్రం ఒడ్డున కూర్చుని ఒక షవర్మా పంచుకునేవారు. వాళ్ళ కాపురమంతా ఆ గంటే. సూరిబాబు ఇఖామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, గడువేమో ఆ వారంతో సరి. కేంద్రం నడిపే ముదీర్ సంతకం పెడితే ఉంటాడు, లేదంటే విమానమెక్కుతాడు.

ముదీర్‌కు కోపం ఎక్కువ, మీసం అంతకన్నా ఎక్కువ. ఇంజనీర్లు పొద్దుపోక బొమ్మలు గీసి టీ గదిలో ఫ్రిజ్‌కు అంటించేవారు. దారి తప్పిన ఉపగ్రహం సాల్మియాలో ఐస్‌క్రీం కొనుక్కుంటున్నట్టు ఒకటి. ముదీర్‌కు తల బదులు డిష్ పెట్టి, అందరికీ వీసాలిచ్చిన యజమాని కఫీల్ కారు ఎటు వెళితే అది అటే తిరుగుతున్నట్టు ఇంకొకటి. రెండోది ముదీర్ చూడనే చూశాడు.

"ఇక నా బొమ్మ గీసినవాడు ఆ రోజే ఇంటికి! ఖలాస్!" అన్నాడు.

మర్నాడే కొత్త డిష్ ప్రారంభం. కఫీల్ స్వయంగా వస్తున్నాడు. సూరిబాబు పొద్దున్నే లేచి మంచి ఆలోచనే చేశాడు. కొత్తది ఏది కట్టినా మనవాళ్ళు దిష్టిబొమ్మ కట్టకుండా ఉంటారా? పాలడబ్బాల అట్టపెట్టె చింపి, బూట్ పాలిష్‌తో మిడిగుడ్లూ, గుబురు మీసమూ, వేలాడే నాలుకా గీశాడు. డిష్ అంచు అప్పుడు నేల వైపు వంగి ఉంది. తీగతో గట్టిగా బిగించాడు. కఫీల్ మెచ్చుకుంటాడు, ముదీర్ సంతకం పెడతాడు, సాయంత్రం సత్యదుర్గకు చెప్పాలి అనుకున్నాడు.

ముదీర్ కారు దిగి, బొమ్మను చూసి కొయ్యబారిపోయాడు. "ఇది నేనే!"

ఇంజనీర్లు మేం కాదంటే మేం కాదని ఒట్లు పెట్టారు. సూరిబాబు కేంద్రం డ్రైవర్ జిలానీ బాషా చెయ్యి పట్టుకున్నాడు. రాయచోటి మనిషి, అరబ్బీ ధారాళంగా వచ్చు.

"బాషాగారూ, అది దిష్టికండి బాబూ! ఆయన బొమ్మ కాదని తవరే చెప్పాలండి."

"నువ్వు గమ్మునుండన్నా, నేను చెప్తా గదా."

చెప్పాడు. చెడు చూపు తగలకుండా కడతారని, ముఖం ఎంత వికారంగా ఉంటే అంత మంచిదని వివరంగా చెప్పాడు. ముదీర్ మీసం అదిరింది.

"అంటే నా ముఖం చూసి చెడు చూపు పారిపోతుందా?"

"ఏవంటన్నారండి?" అన్నాడు సూరిబాబు.

"పెట్టె సర్దుకోమంటాండాడు."

సూరిబాబు తుడిచే గుడ్డ తడిపి, పరుగెత్తి వెళ్ళి బొమ్మ మీసం చెరిపేశాడు. పాలిష్ బుగ్గలకు పాకి ముఖం గుండ్రంగా ఉబ్బింది. జిలానీ నెత్తి పట్టుకున్నాడు.

"ఏం పని చేసినావు సామీ! మీసం తీస్తే అచ్చం కఫీలే!"

"అయ్యబాబోయ్! ఇప్పేత్తానండి!"

ముడి చేతికందేలోపే లోపల ఎవరో మీట నొక్కారు. ఉపగ్రహం వచ్చే వేళైంది. డిష్ మూలిగి, మెల్లగా తల తిప్పుకుని, అంచును పైకెత్తింది. దిష్టిబొమ్మ రెండంతస్తుల ఎత్తుకు వెళ్ళి కూర్చుంది. ఉపగ్రహం దాటిపోయేదాకా దాన్ని ఆపడానికి వీల్లేదు. సరిగ్గా అప్పుడే గేటులోంచి కఫీల్ కారు వచ్చింది.

కఫీల్ దిగి, నున్నటి బుగ్గలు నిమురుకుంటూ పైకి చూశాడు.

"ఎవడీ వికారపువాడు?"

"తమరు ఎరిగినవాడు కాదు" అన్నాడు ముదీర్.

కఫీల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. సంగతేమిటని జిలానీని అడిగాడు. జిలానీకి సాయం చేయాలన్న ఉబలాటం ఎక్కువైంది. ఇలాంటి బొమ్మను మా దేశంలో పొలాల్లోనూ పెడతారని కలిపి చెప్పాడు.

"అలాగా! వఫ్రా తోటలో పిట్టలు నా టమాటాలను బతకనివ్వడం లేదు. ఇంత పనిమంతుడిని టీ కాయడానికి పెట్టావా? యల్లా, తోటకు పంపించు!"

ముదీర్ అంత సంతోషంగా సంతకం పెట్టడం ఆ కేంద్రంలో ఎవరూ చూడలేదు. ఇఖామా వచ్చింది. కానీ వఫ్రా తోటలో పనికని వచ్చింది.

సాయంత్రం సూరిబాబు వఫ్రా నుంచి సత్యదుర్గకు ఫోన్ చేశాడు. "ఇకామా అయ్యిందే."

"అమ్మయ్య! మరి ఏడుత్తన్నావేటయ్యా? శుక్రవారం ఎన్నింటికొత్తావు?"

"ఇక్కడ్నించి బస్సులు లేవంట. సెలవూ లేదంట. పిట్టలకి శుక్రవారం ఉండదు కదాని అంటన్నారు."

"కుదురుగా టీ కాసుకోక, నీకెందుకయ్యా ఆళ్ళ దిష్టి?" అంది సత్యదుర్గ.

ఇప్పుడా తోట నిండా కఫీల్ ముఖాలే. పిట్టలు వాటి నెత్తిన కూర్చుని తాపీగా టమాటాలు తింటున్నాయి. బొమ్మలు చాలక తింటున్నాయని, ఇంకా గీయమంటున్నారు.

ఈ సంగతి మరిచిపోకండి తల్లీ, కనిపించిన వాళ్ళందరికీ చెప్పండి. వినేవాళ్ళలో శుక్రవారం వఫ్రా వైపు బండి తోలేవాడు ఒక్కడున్నా చాలు, సల్వాలో సత్యదుర్గ క్యారేజీ కట్టుకుని కూర్చుని ఉంది.