నలభై అక్షరాలు, మూడు చుక్కలు

చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పడం ఒక దురలవాటు. పెద్దలు ఎంత గదమాయించినా పోని ఈ అలవాటును నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ ఫంక్షన్ మాన్పించింది. నేను బళ్లో భాష చెబుతాను. ‘వాక్యం పూర్తి చేయండి’ అని ఇరవై రెండేళ్లుగా పిల్లల వెంటపడ్డందుకు ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను.

తెలియనివారికి చెబుతాను. జావాస్క్రిప్ట్ వెబ్‌సైట్లను ఆడించే కంప్యూటర్ భాష. ఫంక్షన్ అంటే ఒకే ఒక్క పని చేసిపెట్టే చిన్న కోడు ముక్క. ఒకసారి రాసి పెట్టుకుంటే ఎన్నిచోట్లయినా వాడుకోవచ్చు. హాజరు, సెలవు చీటీలు, ఫిర్యాదులు అన్నీ నడిచే మా స్కూలు వెబ్‌సైట్ చూసే ప్రోగ్రామర్ దగ్గర ఇలాంటివి డబ్బాడున్నాయి.

ఒకటి జాబితాలో రెండోసారి కనబడిన పేరును తీసేస్తుంది. దాని పుణ్యాన ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్లో ఒకడు వారం రోజులు హాజరు పట్టీలోనే లేడు. ఆ వారం క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉందో!

ఇంకొకటి ఏ సంగతి ఎప్పుడు జరిగిందో లెక్కగట్టి చెబుతుంది. మావారు పోయిన కబురు పక్కన మొదట ‘ఇప్పుడే’ అని వేసింది. ఆ తర్వాత ‘పదకొండు రోజుల క్రితం’ అంది. నాకు లెక్కపెట్టుకునే శ్రమ తప్పింది.

వీటన్నిటికీ మహారాణి కత్తిరింపు ఫంక్షన్. మాట నలభై అక్షరాలు దాటితే కోసి మూడు చుక్కలు పెడుతుంది. గుడినీ కొమ్మునూ కూడా విడి అక్షరాలుగా లెక్కేస్తుంది కనుక, దాని నలభై మన ఇరవైకి అటూ ఇటూ. ‘మూడో తరగతి గదిలో పైకప్పు పెచ్చులు ఊడి పి…’ దగ్గర ఫిర్యాదు ఆగిపోతే హెడ్మాస్టరుగారు ఎంత హాయిగా టీ తాగవచ్చు? ఆ తర్వాత ఏముందో తెలుసుకుని ఎవరు బాగుపడ్డారు?

మావారు ఇదే బళ్లో డ్రాయింగ్ మాస్టారు. వెబ్‌సైట్‌లో ఆయన ఫొటో కింద ఒక్క వాక్యం రాసిమ్మన్నారు. మూడు రోజులు ఆలోచించి రాశాను: ‘బొమ్మ వేయడం రాదన్న పిల్లల బొమ్మలే ఆయన మా ఇంటి గోడకు అంటించేవారు.’

మర్నాడు చూస్తే, ‘బొమ్మ వేయడం రాదన్న పిల్లల బొమ్మలే ఆయన మా…’

సైన్సు మాస్టారు వరండాలో ఆపారు. “ఏం చేసేవాడు వదినా? మార్చేసేవాడా?”

ప్రోగ్రామర్ గదికి వెళ్లాను. “బాబూ, ఈ ఒక్కచోట కోయకుండా ఉంచగలవా?”

అతను లేచి కుర్చీ వేశాడు. “అన్నిటికీ అదొక్కటే ఫంక్షన్ మేడమ్. పద్నాలుగు చోట్ల వాడాను. దాన్ని ముట్టుకుంటే అన్నీ కదులుతాయి. మీరే కాస్త సర్దేయండి. ‘మంచి మనిషి’ అంటే చాలదా? మొన్న పోయిన వాచ్‌మన్‌కి అదే పెట్టాం, చక్కగా పట్టింది.”

అతనిది తప్పనను. నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా ‘ధైర్యంగా ఉండండి’ అనే ఒక్క ముక్కనే వంతులవారీగా వాడుకున్నారు. కూర్చున్న కుర్చీ వెచ్చబడేలోపే పని అయిపోయేది.

ఆ శనివారం తల్లిదండ్రుల సమావేశం. ప్రోగ్రామర్ తన కూతురి ప్రోగ్రెస్ రిపోర్టు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“మా పాప గురించి ‘శ్రద్ధ అవసరం’ అని రాశారు. అంతేనా మేడమ్? ఇంకేమీ లేదా?”

ఆ మాట నలభై ముగ్గురికీ రాశాను. పోయినేడు రాసిందీ అదే, అంతకు ముందేడు రాసిందీ అదే. నా ఫంక్షన్‌కు కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

రిపోర్టు ఇలా ఇమ్మన్నాను. పాఠంలో ఎవరైనా ఓడిపోయే చోటు వస్తే ఆ పిల్ల గొంతు తగ్గించి చదువుతుందని రాశాను. పక్కపిల్ల పెన్సిల్ పోతే తనది విరిచి సగం ఇచ్చిందని రాశాను. గడి చాలక అట్ట వెనక్కి వెళ్లాను. అతను నిలబడే రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున చూస్తే మావారి వాక్యం ‘అంటించేవారు’ దాకా వచ్చి, చుక్క పెట్టుకుని నిలబడి ఉంది.

దానితోపాటు పద్నాలుగు చోట్లా మాటలు కట్టలు తెంచుకున్నాయి. మా బడి ఆయా అడిగిన సెలవు, అందరం అనుకున్నట్టు పెళ్లికి కాదు, ఆపరేషన్‌కని తెలిసింది. లెక్కల టీచరు ఉద్యోగం మానేస్తానని మూడు వారాలుగా రాస్తున్నాడని తెలిసింది. ఒక తల్లి, తన కొడుకు బడి బస్సెక్కడానికి ఎందుకు ఏడుస్తున్నాడో పేజీన్నర రాసిందని తెలిసింది.

హెడ్మాస్టరుగారు ప్రోగ్రామర్‌ను పిలిపించారు. “ఏమిటయ్యా ఈ గోల? ఎవరేం రాసుకున్నారో అంతా కనబడుతోంది!”

మధ్యాహ్నం గంట కొట్టేలోపు బాగుచేయించారు. మావారి వాక్యం మళ్లీ సగానికి వచ్చింది.

అప్పటినుంచి మా బళ్లో ఎవరికీ ఏ కష్టమూ లేదు.