వదులు కట్టల వియ్యం

మొహమాటాన్ని మించిన ఆస్తి మనిషికి లేదు. ఉందనేవాళ్లు ముందుకొచ్చి చెప్పండి! రారు. ఎందుకు రారంటే, మొహమాటం.

మనకి రావాల్సింది మనం నోరు తెరిచి అడగడమంత మోటుపని లోకంలో ఇంకొకటి ఉందా? అడిగినవాడు చిన్నబోతాడు, అడిగించుకున్నవాడు నొచ్చుకుంటాడు. అడగకపోతే ఇద్దరూ పెద్దమనుషులే! నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఈ పెద్దాయన సంగతి వినండి.

ఆయన ధాన్యం పండించే రైతు. కోతయ్యాక పొలంలో మిగిలే గడ్డినంతా వియ్యంకుడికి అమ్ముతాడు. వియ్యంకుడిది పాల డెయిరీ, షెడ్డు నిండా ఆవులు. ఈయన దగ్గర గడ్డి ఎక్కువ, ఎరువు లేదు. ఆయన దగ్గర ఎరువు ఎక్కువ, గడ్డి లేదు. ఇంతకన్నా ఈడూజోడూ కుదిరిన వియ్యం ఎక్కడైనా దొరుకుతుందా?

బేరం కూడా పిల్లల పెళ్లి మాటలనాడే తేలిపోయింది. గడ్డి కట్టకి ఇంత అని ధర. అందులో సగం డబ్బు, మిగతా సగానికి ట్రాలీల లెక్కన పశువుల ఎరువు. పక్కనున్నవాళ్లెవరో కాటా మాట ఎత్తబోతే వియ్యంకులిద్దరూ బూతు విన్నట్టు చెవులు మూసుకున్నారు.

"మనలో మనకి తూకాలేంటి బావగారూ!"

"ఛఛ, అసలా మాటేంటి బావగారూ!"

ఆ ధర ఈనాటికీ అదే. ఈలోపు ఆ పెళ్లికూతురి పిల్లలు బడికి పోతున్నారు. డీజిల్ ధర పెరిగింది, విత్తనాల ధర పెరిగింది, పెద్దాయన నడుం కొలత కూడా పెరిగింది. గడ్డి ధర మాత్రం చెక్కుచెదరలేదు. ఇంత స్థిరత్వం ఏ ప్రభుత్వం తేగలదు చెప్పండి!

పంట డబ్బు వచ్చింది వచ్చినట్టు బ్యాంకు అప్పుకి పోతుంది. గడ్డి డబ్బే ఇంట్లోకి. దాంతో వంటింటి పైకప్పు బాగు చేయించాలని ఆయన భార్య ఆశ. వానొస్తే పొయ్యి పక్కన బకెట్, అల్మారా మీద గిన్నె, ఆవిడ నెత్తిన ప్లాస్టిక్ కవరు. ఆ కవరు కింద నుంచే ఆవిడ ఏటా అడుగుతుంది.

"ఈసారన్నా అన్నయ్యగారితో మాట్లాడతారా?"

"మాట్లాడతానే. సమయం చూసి."

ఒకసారి నిజంగానే మాట్లాడదామని వెళ్లాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు, ట్రాక్టరు మీద రెండుసార్లు పైకే అనుకున్నాడు కూడా. గేటు దగ్గర వియ్యంకుడు ఎదురొచ్చి, "రండి రండి బావగారూ, ఏంటిలా వచ్చారు?" అన్నాడు.

"ఏం లేదు బావగారూ, ఊరికే, ఇటు పోతూ..."

ఆ ఇటు ఎటూ పోదు. ఆ రోడ్డు డెయిరీ గేటు దగ్గరే ఆఖరు. పెద్దాయన కాఫీ తాగి, ఆవులన్నిటి ఆరోగ్యం పేరుపేరునా కనుక్కుని ఇంటికొచ్చేశాడు.

ఇలాంటి సంస్కారవంతులని ఆదుకోవడానికే సైన్సు పుట్టింది! గడ్డి కట్టలు కట్టే బేలర్ మిషన్ ఉందే, దాని పక్కన కట్ట బిగువుని తేల్చే ఒక మర ఉంటుంది. మిషన్ యజమానికి గుబురు మీసాలు, అందరూ మీసాలాయన అంటారు. పెద్దాయన దిగులు కనిపెట్టి మీసాలాయనే ఒక ఉపాయం చెవిలో వేశాడు.

"మీరు నోరు విప్పకండి, నేను మర విప్పుతాను. అదే గడ్డి, కట్టలు మాత్రం ఎక్కువొస్తాయి."

ఎంత మర్యాదైన మార్గం! ధర పెంచమని అడగక్కర్లేదు, కట్టలో గడ్డి తగ్గితే చాలు. మీసాలాయనకి కూలి కట్టకింత అని ఇవ్వాలన్న సంగతి మీరు గుర్తుంచుకోండి. పెద్దాయన ఆ సంతోషంలో మర్చిపోయాడు.

మొదటి ఏడాది కట్టలు కాస్త మెత్తబడ్డాయి. రెండో ఏడాది దిండ్లలా ఉన్నాయి. ఆ తర్వాతి ఏడాది ట్రాలీ మీంచి ఒక కట్ట జారి కోడి మీద పడితే, కోడి లేచి ఒళ్లు దులుపుకుని తన దారిన తను పోయింది. దానికి తన మీద ఏదో పడిందని కూడా తెలిసినట్టు లేదు!

వియ్యంకుడు గమనించలేదా? ఎందుకు గమనించడు, మేసేది ఆయన ఆవులే. మరి అడిగాడా? ఆడపిల్లనిచ్చినవాణ్ణి పట్టుకుని గడ్డిలో గాలుందేమిటని అడుగుతారా ఎవరైనా!

అందుకని ఆయన కూడా తన వంతు మర ఒకటి వెతుక్కున్నాడు. ట్రాలీలో ఎరువు తొక్కి నింపించడం మానేశాడు. అడుగున ఆవుల కింద పరిచి తీసేసిన గడ్డి, పైన మాత్రం పరుపు మీద దుప్పటిలా నల్లటి ఎరువు. పెద్దాయన పొలంలో గుమ్మరించి చూస్తే తను అమ్మిన గడ్డే మళ్లీ ఎదురొచ్చింది.

"ఎరువు బ్రహ్మాండం బావగారూ!"

"మీ గడ్డి తక్కువా బావగారూ! మా ఆవులు దాన్ని వదిలితే ఒట్టు!"

ఎక్కడన్నా గొంతు లేచిందా? పంచాయితీ అయిందా? కాటా ఉన్నచోట కొట్లాటలు, మొహమాటం ఉన్నచోట కాఫీలు. వంటింట్లో బకెట్ స్థానంలో కాస్త పెద్ద బకెట్ వచ్చింది, అంతే.

ఇంత చక్కని కాపురాన్ని చెడగొట్టింది ఎవరనుకున్నారు? పెద్దాయన కూతురే. డెయిరీలో మేత వేసే పని ఆ కోడలిది. ఒకరోజు తండ్రి వచ్చి కాఫీ తాగుతుంటే ఆమె చేతికో గడ్డి కట్ట చొప్పున వేలాడదీసుకుని ఎదురుగా నిలబడింది.

"నాన్నా, చూశావా నాకెంత బలమొచ్చిందో!"

పెద్దాయనకి కాఫీ పొలమారింది. ఆమె ఊరుకోలేదు. దాణా బస్తాలు తూచే కాటాని వాకిట్లోకి ఈడ్చుకొచ్చి దాని మీద కట్ట పెట్టింది. "మావయ్యా, మీరూ ఒకసారి ఇటు రండి" అని మామగారిని పిలిచింది. పొలానికి బయల్దేరుతున్న ఎరువు ట్రాలీ వెనక తలుపు తెరిపించింది. తెరవగానే అడుగున్న గడ్డి జలజలా రాలింది. వియ్యంకులిద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నేలచూపులు చూస్తూ నిలబడ్డారు.

"నాన్నా, నువ్వు కట్టలు పెంచి సంపాదించిందంతా కట్టుకూలికే పోయింది. మావయ్యా, మీరు మిగుల్చుకున్న ఎరువు షెడ్డు వెనక గుట్టపడి కంపు కొడుతోంది. గాలి మేసిన ఆవులు పాలివ్వట్లేదని మీరు దాణా కొంటున్నారు. మధ్యలో అన్నన్ని కట్టలు మోయలేక చచ్చేది నేను!"

"మరి లాభపడింది ఎవరమ్మా?" అన్నాడు వియ్యంకుడు, కాస్త ఆశగా.

గేటు బయట హారన్ మోగింది. రాబోయే కోతల సంగతి మాట్లాడదామని మీసాలాయన వచ్చాడు. కొత్తగా కొన్న రెండో బేలర్ వెంట తెచ్చాడు. దాని నుదుటి మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాలున్నాయి: బావగార్ల దీవెన.

ఇద్దరూ ఆ అక్షరాలని చాలాసేపు చదివారు.

"ఇప్పుడు చెప్పు నాన్నా, కిలోకి ఎంత కావాలి?" అంది కూతురు.

పెద్దాయన నోరు తెరిచాడు, మూశాడు. భార్య నెత్తి మీద ప్లాస్టిక్ కవరు గుర్తొచ్చి, ఆఖరికి ఎలాగో మాట బయటికొచ్చింది.

"వంటిల్లు కారుతోంది బావగారూ. ఆ పాత ధర చాలట్లేదు."

"అయ్యో, ఆ ముక్క ముందే అంటే ఇచ్చేవాణ్ణి కదా!"

"మీరే పెంచుతారని చూశాను."

"నా అంతట నేను పెంచితే మిమ్మల్ని తక్కువ చేసినట్టుంటుందని ఊరుకున్నాను."

అంతే. అన్నేళ్ల మర్యాద నిమిషంలో మట్టిలో కలిసింది! ఇప్పుడు గడ్డి కాటా మీదే, ఎరువూ కాటా మీదే. కట్ట బిగువుగా ఉంటుంది, కోళ్లు దూరంగా తిరుగుతున్నాయి. వానలకి ముందే పైకప్పు బాగయింది, బకెట్ స్నానాల గదికి వెళ్లిపోయింది. పెద్దాయన మరీ మోటుగా తయారయ్యాడు. వియ్యంకుడు "ఏంటిలా వచ్చారు?" అంటే "డబ్బుల కోసం వచ్చాను" అంటున్నాడు! దానికి ఆయన నవ్వుతున్నాడు కూడా.

మీసాలాయన్ని తలుచుకుంటే మాత్రం నా గుండె తరుక్కుపోతుంది.

పోనీలెండి, మొహమాటాన్ని కాపాడటానికి నేనున్నాను. ఈ పత్రికకి ఏళ్ల తరబడి రాస్తున్నాను. పేరాకి ఇంత అని మొదటిరోజు చెప్పిన ధరే నేటికీ నడుస్తోంది. నిన్న ఎడిటర్‌గారిని అడిగేద్దామని ఆఫీసుకి వెళ్లాను.

"ఏంటిలా వచ్చారు?" అన్నారాయన.

"ఊరికే, ఇటు పోతూ..." అన్నాను.

కాఫీ తాగి వచ్చేశాను.

ఆయన మీద నాకేం కోపం లేదు.

మీరు గమనించే ఉంటారు, పేరాలు కాస్త చిన్నవిగా ఉన్నాయి.

వదులుగా కట్టాను.