సంఘం సర్వరు దిద్దిన వాతావరణం

కర్ణాటకలో చింతామణి దగ్గరి ఒక రైతు సంఘంలో నిరుడు ఇంటర్నెట్టును బాగుచేశారు. వేగం పెంచలేదు. మాట మార్చారు.

ఒక వార్తల పేజీ సంఘం అధ్యక్షుడు పిళ్ళప్పను "అసమర్థుడు" అని రాసింది. ఆయన కంప్యూటర్ ఆపరేటర్ అంబికను పిలిచి, "దీన్ని తుడిచేయమ్మా" అన్నాడు.

"పేజీ వాళ్ళది సార్, తుడిచేకి కాదు. మన సర్వరు గుండా వచ్చేటప్పుడు మాటలు మార్చొచ్చు, అంతే" అని అంబిక నోరు జారింది.

"మార్చు మరి!"

రెండు రోజుల్లో ఆమె ప్రోగ్రాం రాసింది. సంఘం వైఫైలో ఎవరు ఏ పేజీ అడిగినా అది ముందు సర్వరుకు వచ్చి, దిద్దుబాటయ్యాకే తెర మీదికి పోయేది. "అసమర్థుడు" కాస్తా "సమర్థుడు" అయ్యాడు. పిళ్ళప్ప దాన్ని పదకొండుసార్లు చదివి, ప్రజాభిప్రాయం మారినందుకు సంతోషించాడు.

ఆ సంతోషం సభ్యులకూ పంచదలచి పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది: రైతుల మనోధైర్యం దృష్ట్యా అశుభ పదాలన్నీ తొలగించవలెను. ధరలు పడిపోవడం మానేసి "నిలకడగా" ఉండసాగాయి. కరువు "పొడి వాతావరణం" అయింది. అంబికకు శాలువా కప్పారు. ఆమె కాదనలేదు.

ఏప్రిల్లో కెంచార్లహళ్ళి మునిరత్నమ్మ ఎరువుల కోసం వచ్చి, సంఘం వైఫైలో వాతావరణం చూసుకుంది. "చిరుజల్లులు" అని ఉంది. టమాటా కోత రేపటికి వాయిదా వేసుకుంది. సాయంత్రం వడగండ్లు పడి తోటంతా గుజ్జయింది.

మర్నాడు ఫోను పట్టుకుని అంబిక ముందు నిలబడింది. "పక్క తోట సుజాతమ్మ ఇంటికాడ చూసుకునింది, వడగండ్లని ఉండె. కాయంతా కోసేసుకునింది. నాకెందుకమ్మా ఈడ చిరుజల్లులని చూపించె?"

అంబిక "తప్పు నాదేనమ్మా" అని ఉన్నదంతా చెప్పి, ఆమె ఎదుటే ప్రోగ్రాం ఆపేసింది. ఉద్యోగం పోతుందనుకుంది.

వారం తిరక్కముందే యాభైమంది సభ్యులు ఆఫీసు ముందు చేరారు.

"నెట్టు చెడిపోయిండాది! ఏది తెరిచినా చెడ్డ వార్తలే చూపిస్తాండాది. మునుపటి నెట్టే ఇయ్యప్పా!"

పిళ్ళప్ప చేతులు జోడించాడు. "మీ మాటే నాకు ఆదేశం. సంఘం ఉండేదే మీ మేలు కోసం!"

మునిరత్నమ్మ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. అంబికకు ప్రాణం లేచొచ్చింది.

"నేనొప్పుకోను" అంది మునిరత్నమ్మ. "తోట పోయింది నాది. వాన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే."

ఆమె అంబిక వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"తక్కినదంతా మునుపటి మాదిరే ఉండనీమ్మా."